ఎత్తుకునే ముందు ఒక మాట

నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వదిలారంటే గరిడేపల్లి మండలంలో ఊళ్ళు తెల్లవారకముందే లేస్తాయి. ఆడకూలీలు ముఠాలు కట్టి నాట్లకు బయలుదేరతారు. చంటిబిడ్డలు నాయనమ్మ ఒడిలోకో అమ్మమ్మ ఒడిలోకో చేరతారు. మూడేళ్ళు దాటినవాళ్ళు అంగన్‌వాడీకి వెళతారు. తల్లి తిరిగొచ్చేలోగా ఆ బిడ్డకు ఎవరో ఒకరు మొహం కడుగుతారు, ముక్కు తుడుస్తారు, తడిసిన లాగు మారుస్తారు, ముద్ద పెడతారు, జోకొడతారు. పెద్దవాళ్ళ చేయి రోజులో ఎన్నోసార్లు బిడ్డ ఒంటిని తాకుతుంది. ఆ చేయి ఎలా తాకుతోందన్నదే ఈ వ్యాసానికి విషయం.

ఈ పనుల్ని మనం వట్టి పనులుగానే లెక్కవేస్తాం. గబగబా ముగించి ఆటపాటలకో అక్షరాలకో కూర్చోబెడితే అసలు చదువు అప్పుడు మొదలవుతుందని అనుకుంటాం. శిశు విజ్ఞానం మాత్రం ఈ వరుసను ఒప్పుకోదు. మాటలు రాని బిడ్డకు స్నానం, తిండి, బట్ట మార్చడం కూడా పాఠాలే. తన ఒళ్ళు ఎవరిది, తను ఏడిస్తే ఎవరైనా వింటారా, పెద్దల చేతులను నమ్మొచ్చా అన్న మూడు విషయాలూ బిడ్డ నేర్చుకునేది ఆ వేళల్లోనే. అందుకే ఎత్తుకునే ముందు ఒక మాట చెప్పి రెండు క్షణాలు ఆగడం ముద్దుచేయడం కిందికి రాదు. అది బిడ్డ శరీరధర్మానికి తగిన పద్ధతి.

చర్మం, నాడులు, ఉలికిపాటు

పసిబిడ్డ చర్మపు పైపొర పెద్దవారి చర్మం కన్నా సుమారు 30 శాతం పలుచన. దానిలోంచి నీరు త్వరగా ఆవిరవుతుంది, రాపిడికి త్వరగా కందుతుంది. బరువుతో పోలిస్తే చర్మపు వైశాల్యం ఎక్కువ కాబట్టి ఒంట్లోని వేడి కూడా తొందరగా పోతుంది. బట్టలన్నీ ఒక్కసారిగా విప్పేసిన బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే దాన్ని మొండితనంగా చూడకూడదు. చాలాసార్లు అది చలి. పైభాగం కడిగేటప్పుడు కాళ్ళ మీద పొడిగుడ్డ కప్పి, కాళ్ళు కడిగేటప్పుడు ఛాతీ మీద కప్పితే ఏడుపు సగం తగ్గుతుంది.

తాకిడి సంగతీ అంతే. రోమాలున్న చర్మంలో నెమ్మదైన స్పర్శకు ప్రత్యేకంగా స్పందించే ఒక రకం నాడీ తంతువులు ఉంటాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరినప్పుడు అవి బాగా స్పందిస్తాయి. అంతకన్నా వేగంగా రుద్దినా, మరీ నత్తనడకన తాకినా ఆ స్పందన తగ్గుతుంది. తొమ్మిది నెలల పిల్లల చేతిని మెత్తని కుంచెతో మూడు వేర్వేరు వేగాల్లో నిమిరి చూసిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. సెకనుకు 3 సెంటీమీటర్ల వేగంతో నిమిరినప్పుడే వాళ్ళ గుండె వేగం నెమ్మదించింది. తల్లులు ఎవరూ చెప్పకుండానే బిడ్డను నిమిరే వేగం కూడా దాదాపు ఇదే. ఆదరాబాదరా చేతికీ నిదానమైన చేతికీ ఉన్న తేడాను బిడ్డ మనసుకన్నా ముందు నాడులే గుర్తిస్తాయి.

మొదటి నాలుగైదు నెలల్లో మరొకటుంది. తల వెనక్కి వాలినట్టయినా, ఉన్నట్టుండి కిందికి దించినా బిడ్డ రెండు చేతులూ విదిల్చి ఉలిక్కిపడుతుంది. పడిపోతున్నానన్న భావనకు మెదడు కాండం తనంత తానే ఇచ్చే ప్రతిస్పందన ఇది. వైద్యులు దీన్ని మోరో ప్రతిచర్య అంటారు. మెడ కింద అరచేయి పెట్టి, మొహంలోకి చూస్తూ, నిదానంగా ఎత్తితే ఈ ఉలికిపాటు రాదు. చంక కింద చేయి దూర్చి ఒక్క ఊపున లేపితే వస్తుంది. ఆ పని రోజుకు పదిసార్లు జరిగితే పదిసార్లూ వస్తుంది.

రెండు నెలల బిడ్డ కూడా సిద్ధపడుతుంది

‘ఆ వయసులో వాళ్ళకేం తెలుస్తుంది?’ అన్నది పెద్దల సాధారణ ప్రశ్న. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త వాసుదేవి రెడ్డి, ఆమె సహచరులు 2013లో దీనికి ఒక జవాబు ఇచ్చారు. రెండు నుంచి నాలుగు నెలల వయసున్న పిల్లలను తల్లులు ఎత్తుకోబోయే తీరును వాళ్ళు పరిశీలించారు. తల్లి చేతులు చాచి దగ్గరికి వస్తుండగానే, ఇంకా తాకకముందే, బిడ్డలు ఒళ్ళు బిగించడం, చేతులు పక్కలకు జరపడం లేదా ఛాతీ మీదికి తెచ్చుకోవడం, కాళ్ళు చాపడమో ముడవడమో కనిపించాయి. రెండు నెలలకే మొదలైన ఈ సర్దుబాటు మూడు నాలుగు నెలలకు మరింత సాఫీ అయింది. బిడ్డను పెద్దవాళ్ళు మూటలా ఎత్తరు, ఎత్తుకోవడంలో బిడ్డ కూడా సగం పని చేస్తుంది. ఆ సగం పనికి కావలసింది ముందస్తు కబురూ కాస్త వ్యవధీ.

ఆ కబురు అందకపోతే ఏమవుతుందో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో చేసిన ప్రయోగం చూపింది. బిడ్డతో ఆడుతున్న తల్లిని ఉన్నట్టుండి రెండు మూడు నిమిషాల పాటు మొహంలో ఏ భావమూ లేకుండా ఉండమన్నారు. బిడ్డ మొదట నవ్వి, చేతులు చాచి తల్లిని పలకరించింది. ఫలితం లేకపోయేసరికి మొహం తిప్పుకుంది, కుంగింది. తల్లి ఎదురుగానే ఉంది, ఎక్కడికీ పోలేదు. లేనిదల్లా స్పందనే. ఫోను మాట్లాడుతూ బిడ్డ ఒళ్ళు తుడిచే చేతికి, పక్కవారితో కబుర్లాడుతూ ముద్ద పెట్టే చేతికి ఈ ప్రయోగం సూటిగా వర్తిస్తుంది. ఒళ్ళు శుభ్రమవుతుంది, కడుపు నిండుతుంది, కానీ ఆ కొద్దిసేపూ బిడ్డకు ఎదురుగా ఎవరూ లేనట్టే.

బుడాపెస్ట్‌లో ఒక శిశుగృహం

ఈ ఆలోచనను ఒక సంస్థ స్థాయిలో నడిపి చూపిన వైద్యురాలు ఎమ్మీ పిక్లర్ (1902–1984). రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946లో హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో, లోట్సి అనే వీధిలో, తల్లిదండ్రులు దగ్గరలేని పసిబిడ్డల కోసం ఆమె ఒక గృహం నెలకొల్పారు. ఆ ముందటి ఏడాదే రెనే స్పిట్జ్ అనే వైద్యుడు అనాథ శిశుగృహాల గురించి రాసిన పత్రం వైద్యలోకాన్ని కలవరపెట్టింది. తిండికీ శుభ్రతకూ లోటు లేని గృహంలో కూడా, పలకరించే మనిషి కరువైన పిల్లలు చిక్కిపోయారు, ఎదుగుదల ఆగింది, చాలామంది చనిపోయారు.

పిక్లర్ ఎంచుకున్న మార్గం సాదాసీదాగానే కనిపిస్తుంది. కొద్దిమంది పిల్లలకు ఎప్పుడూ అదే దాది. స్నానం, తిండి, బట్ట మార్పు వేళల్లో ఆమె దృష్టి అంతా ఆ ఒక్క బిడ్డ మీదే. చేయబోయేది ముందుగా చెప్పాలి. చొక్కా తొడిగేటప్పుడు చేయి లాగి దూర్చకుండా, బిడ్డ తనంతట తాను చేయి చాపేదాకా చూడాలి. తిండి పెట్టే వరుస రోజూ ఒకటే. ‘ఫలానా వాడి తరవాత నేను’ అని తెలిసిన బిడ్డ ఏడవకుండా వేచి ఉండగలదు. మిగతా సమయమంతా స్వేచ్ఛగా కదలనిచ్చేవారు. సొంతంగా కూర్చోలేని బిడ్డను ఆనించి కూర్చోబెట్టడం కూడా అక్కడ లేదు. ఫ్రెంచి నిపుణులు మిరియమ్ డేవిడ్, జెనెవీవ్ అపెల్ ఆ గృహాన్ని చూసి 1973లో పుస్తకం రాశాక ఈ పద్ధతి పశ్చిమ ఐరోపా శిశు సంరక్షణ కేంద్రాలకు పాకింది.

ఇందులో మనం గమనించవలసింది లెక్క. ఒక్కో బిడ్డకు పూర్తిగా ఇచ్చే కొద్ది నిమిషాలు మిగతా గంటలకు పెట్టుబడిగా పనికొస్తాయి. కడుపుతో పాటు మనసు కూడా నిండిన బిడ్డ కొంగు పట్టుకుని వదలకుండా ఉండదు. కాసేపు తన ఆట తాను ఆడుకుంటుంది. ఆ సమయంలో దాది మరో బిడ్డను చూసుకోగలుగుతుంది.

మన ఇంటి అలవాట్లలో మేలుది, మానవలసినది

ఇదంతా పరాయి దేశపు ముచ్చట అనుకోనక్కరలేదు. మన ఇళ్ళలో ముసలమ్మ కాళ్ళు చాపి కూర్చుని, బిడ్డను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, గోరువెచ్చని నీళ్ళు పోస్తూ పాటో మాటో సాగిస్తుంది. నూనె రాస్తూ ఒక్కో కాలు, ఒక్కో చేయి పేరు పెట్టి పలకరిస్తుంది. నెలల బిడ్డను రెండు పాదాల మీద కూర్చోబెట్టుకుని ‘స్స్...’ అంటూ ఒంటికి పోయిస్తుంది. బిడ్డ మొహం మారడం, ఒళ్ళు ముడుచుకోవడం చూసి వేళ కనిపెడుతుంది. బిడ్డ ఇచ్చే సూచనను గమనించి దానికి తగ్గట్టు నడుచుకోవడమంటే ఇదే.

అయితే అదే స్నానంలో బిడ్డ ఒంటికి హాని చేసేవీ ఉన్నాయి. ముక్కు సూటిగా రావాలని నొక్కడం, తల గుండ్రంగా రావాలని ఒత్తడం, పాలు గట్టాయంటూ పసిగుడ్డు రొమ్ములు పిండడం ఏ మేలూ చేయవు, పైగా పిండిన రొమ్ముకు చీము పట్టవచ్చు. ముక్కులో నూనె పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియాకు దారితీయగలదు. సున్నిపిండితో గట్టిగా రుద్దితే పలుచని చర్మం గీరుకుపోతుంది. మూసిన గదిలో సాంబ్రాణి పొగ పడితే చిన్న శ్వాసనాళాలు మండుతాయి. ఉగ్గుగిన్నెతో పోసేటప్పుడు బిడ్డ ఏడుస్తున్నా చేతులు పట్టేసి గొంతులో వంచితే పొలమారుతుంది. పుట్టిన బిడ్డకు మొదటి స్నానం కనీసం 24 గంటలు ఆగి చేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

వీటన్నిటిలోనూ ఒక పోలిక కనిపిస్తుంది. బిడ్డ వద్దంటున్నా ఆపకుండా చేసే పని ఏదో, వైద్యం తప్పుపట్టే పని కూడా చాలావరకు అదే. బిడ్డ ప్రతిఘటనను సమాచారంగా తీసుకోవడం గౌరవానికీ ఆరోగ్యానికీ ఉమ్మడి సూత్రం.

అంగన్‌వాడీలో ఒక పూట

సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబర్ 2న మొదలైంది. నేడు తెలంగాణలో 149 ప్రాజెక్టుల కింద 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. కేంద్రంలో ఒక టీచరు, ఒక ఆయా. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు రోజూ వస్తారు. అంతకన్నా చిన్నవాళ్ళకు బాలామృతం వంటి పోషకాహారం ఇంటికే వెళుతుంది. అక్కడి దినచర్యలో నాలుగు ఘట్టాలను దగ్గరగా చూద్దాం.

మొదటిది ముక్కు తుడవడం. జలుబు చేసిన పిల్లవాడి వెనక నుంచి చేయి వచ్చి, మొహం మీద గుడ్డ పడి, ఒక్క రాపుతో పని ముగుస్తుంది. వాడు తల విదిలించి ఏడుస్తాడు. అదే ఆయా ఎదురుగా గొంతుకూర్చుని, గుడ్డ చూపించి, ‘బిడ్డా, ముక్కు తుడుస్తా, ఇటు చూడు’ అంటే రెండోరోజుకే వాడు మొహం ముందుకు పెడతాడు. వారం తిరిగేసరికి గుడ్డ తానే అందుకుంటాడు. మొదటి పద్ధతిలో ఒక్కోసారికి కొన్ని క్షణాలు కలిసొస్తాయి గానీ పని ఏడాదంతా ఆయా మీదే ఉంటుంది.

రెండోది చేతులు కడగడం, తినడం. సబ్బుతో చేతులు కడిగే అలవాటు విరేచనాలను సుమారు 30 శాతం తగ్గిస్తుందని పలు ప్రయోగాలను కలిపి చేసిన సమీక్షలు తేల్చాయి. పిల్లలను వరసలో నిలబెట్టి మగ్గుతో నీళ్ళు చల్లినంత మాత్రాన ఆ ఫలితం రాదు. వేళ్ళ సందులు, గోళ్ళ అడుగు రుద్దుకునేదాకా పక్కన ఒకరు ఉండాలి. భోజనంలో గుడ్డు ముక్కను బిడ్డే పట్టుకు తిననివ్వాలి. కింద కొంచెం పడుతుంది, పడనివ్వాలి. పెదవులు బిగించి తల తిప్పుకున్న బిడ్డకు కడుపు నిండిందని అర్థం. గడ్డం పట్టి కుక్కితే పొలమారే ముప్పు ఒకటి, ఆకలీ తృప్తీ తెలిపే సంకేతాలు మొద్దుబారే ముప్పు మరొకటి. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దలు నిర్ణయించాలి. ఎంత తినాలో బిడ్డకు వదలాలి.

మూడోది ఒంటికి, రెంటికి. మలమూత్రాలను ఆపుకునే కండరాల మీద అదుపు చాలామంది పిల్లలకు ఏడాదిన్నర దాటాకే మొదలవుతుంది. పూర్తిగా కుదరడానికి మూడేళ్ళు, రాత్రిపూట అదుపుకు ఇంకా ఎక్కువే పట్టవచ్చు. అమెరికా పిల్లల వైద్యుడు బెర్రీ బ్రేజెల్టన్ 1962లో వెయ్యిమందికి పైగా పిల్లల అనుభవాన్ని ప్రచురిస్తూ, బిడ్డ సంసిద్ధత చూసి నేర్పితే చిక్కులు తక్కువని చూపారు. మన దగ్గర లాగు తడిపిన పిల్లను చూసి ‘షేమ్ షేమ్’ అని అందరిచేతా అనిపించడం మామూలైపోయింది. ఆ అవమానం కండరానికి అదుపు నేర్పదు. భయపడ్డ బిడ్డ బిగపట్టుకుంటుంది, మలబద్ధకం వస్తుంది, అది మళ్ళీ లాగు పాడవడానికే దారితీస్తుంది. చేయవలసింది ఇంతే: పక్కకు తీసుకెళ్ళి, చాటుగా, ‘తడిసింది కదా, మార్చుకుందాం’ అని చెప్పి, ముందు నుంచి వెనక్కి కడిగి, తడి ఒత్తి, పొడి లాగును కాలు తానే దూర్చుకునేట్టు పట్టుకోవాలి. తరవాత ఇద్దరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ముందు నుంచి వెనక్కి కడగడం వెనక కారణముంది. ఆడపిల్లల్లో మలంలోని సూక్ష్మజీవులు మూత్రమార్గానికి చేరకుండా ఉంటాయి. మలం, మూత్రం కలిసి ఎక్కువసేపు చర్మానికి అంటుకుంటే అమోనియా వల్ల క్షారగుణం పెరిగి, మలంలోని ఎంజైములు చురుకై చర్మాన్ని కొరుకుతాయి. గజ్జల్లో ఒరుపు వచ్చేది అలాగే.

నాలుగోది తూకం. పెరుగుదల కొలవడం అంగన్‌వాడీ నెలవారీ బాధ్యత. వేలాడే త్రాసుకు తగిలించిన సంచిలో కాళ్ళు దూర్చి వదలగానే బిడ్డ గాల్లో ఊగుతుంది, కేకలు పెడుతుంది, ముల్లు నిలకడగా ఉండదు, అంకె తప్పుతుంది. రెండేళ్ళలోపు బిడ్డను పొడవు కొలిచే బల్ల మీద పడుకోబెట్టి ఒకరు తల, మరొకరు మోకాళ్ళు పట్టుకున్నప్పుడూ ఇదే గొడవ. ముందుగా ఆ సంచిని, బల్లను తడిమి చూడనిచ్చి, చల్లటి బల్ల మీద పలుచని గుడ్డ పరచి, తలవైపు తల్లినో నాయనమ్మనో నిలబెట్టి మొహం కనిపించేలా చేస్తే బిడ్డ కుదురుగా ఉంటుంది. కుదురైన బిడ్డ కొలత సరిగా వస్తుంది. పోషణ లోపాన్ని పసిగట్టే లెక్కలన్నీ ఆ కొలత మీదే ఆధారపడతాయి కాబట్టి, ఇక్కడ మర్యాద గణాంకాల నాణ్యతకు కూడా అవసరం.

ఈ నాలుగింటికీ తోడు రక్షణ కోణం ఉంది. లైంగిక నేరాల నుంచి బాలలకు రక్షణ కల్పించే పోక్సో చట్టం 2012లో వచ్చింది. అప్పటి నుంచి మంచి స్పర్శ, చెడు స్పర్శ గురించి బడుల్లో చెబుతున్నారు. కానీ మూడేళ్ళపాటు ఎవరు పడితే వాళ్ళు అడగకుండా విప్పి, అడగకుండా తాకి, ఏడిస్తే ‘నోర్ముయ్’ అన్నాక, నాలుగో ఏట బొమ్మల చార్టు చూపి ‘నీ ఒళ్ళు నీది’ అంటే బిడ్డ ఎలా నమ్ముతుంది? చెప్పి తాకడం, చాటున మార్చడం, కడిగే చోటు ఫొటోలు తీయకపోవడం, ‘వద్దు’ అన్నప్పుడు ఆగడం మొదటి నెల నుంచీ జరిగితేనే ఆ చార్టుకు అర్థం ఉంటుంది.

చేతులు, నీళ్ళు, సమయం

ఇక్కడ ఆయాలను, టీచర్లను తప్పుపట్టడం తేలిక, అన్యాయం కూడా. ఒకే మనిషి వండాలి, వడ్డించాలి, ఊడవాలి, పిల్లలను కడగాలి. టీచరు పాఠం చెబుతూనే రిజిస్టర్లు, ఫోనులో పోషణ్ ట్రాకర్ నింపాలి. చేతులు చాలనప్పుడు తొందర తప్పదు, తొందరలో మొదట పోయేది మాట. కాబట్టి మర్యాదను సద్గుణంగా బోధిస్తే సరిపోదు, దానికి కావలసిన వనరులను లెక్కగట్టాలి. పిల్లల ఎత్తుకు అందే కుళాయి, ఒక చాటు, మార్చడానికి పొడి లాగులు, సబ్బు, భోజనవేళకు అదనంగా ఒక జత చేతులు కావాలి.

మూడేళ్ళలోపు పిల్లల పరిస్థితి ఇంకా సున్నితం. ఫ్యాక్టరీల చట్టం 1948లోనే శిశుగృహాల మాట ఎత్తింది. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ, 50 మంది లేదా అంతకు మించి పనిచేసేచోట శిశుగృహం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి రావచ్చనీ చెప్పింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం, పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురున్నా వారిని చూసుకోవడానికి ఒక మహిళను నియమించాలంది. కానీ వరి నాటే కూలీకి యజమాని రోజుకొకరు, పొలం రోజుకొకటి. ఈ చట్టాలేవీ ఆమె మడి గట్టు దాకా రాలేదు. 2022లో మిషన్ శక్తి కింద మొదలైన పాల్నా పథకం, ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లలకు అంగన్‌వాడీలోనే శిశుగృహం నడపాలన్న ఆలోచనతో వచ్చింది. నాట్ల కాలంలో గరిడేపల్లి వంటి ఆయకట్టు మండలాలకు అత్యవసరమైనది అలాంటిదే.

శిక్షణ సంగతి కూడా ఆలోచించాలి. 2024లో కేంద్రం విడుదల చేసిన ‘నవచేతన’ పుట్టుక నుంచి మూడేళ్ళ దాకా నెలనెలా చేయవలసిన 140 కృత్యాలను సూచించింది. ప్రత్యేకంగా బొమ్మలు కొనకుండా, స్నానం, తిండి వేళల్లోనే ఇవి చాలావరకు ఇమిడిపోతాయి. ఇదే మండలంలోని గడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. నారు ఎన్ని రోజులకు నాటాలి, ఎంత ఎడం ఉండాలి అన్న శాస్త్రం అక్కడి నుంచి పొలానికి చేరుతోంది. బిడ్డను ఎలా ఎత్తాలి, ఎలా కడగాలి అన్న శాస్త్రం కూడా అంతే శ్రద్ధగా నాయనమ్మలకు, అక్కలకు చేరాలి. నెలకోసారి తూకం వేసే రోజు అందుకు సరైన వేళ. పెద్దలంతా అక్కడే ఉంటారు, చేసి చూపించడానికి బిడ్డలూ ఉంటారు.

అంగన్‌వాడీ తనిఖీకి వచ్చే అధికారి ఇప్పుడు హాజరు, గుడ్లు, బరువులు చూస్తారు. వాటితో పాటు మరో మూడు చూడవచ్చు: ఆయా బిడ్డను ఎత్తుకునే ముందు మాట చెబుతోందా, తడిసిన బిడ్డకు చాటు దొరుకుతోందా, తల తిప్పుకున్న బిడ్డ నోటి ముందు ముద్ద ఆగుతోందా. ఒక్క పూట కూర్చుని చూస్తే ఈ మూడూ తెలిసిపోతాయి, ఏ యంత్రమూ అక్కరలేదు. కాదన్న జవాబు ఎక్కడ వస్తే అక్కడ ఆయాకు మెమో ఇచ్చే ముందు, ఆ కేంద్రంలో ఎన్ని చేతులున్నాయో, కుళాయిలో నీళ్ళు వస్తున్నాయో లేదో తనిఖీ కాగితం మీద రాయాలి.